ఎడమ డొక్కలో బల్ల

నవంబర్ 6

ఆశా కార్యకర్త అంటే పొద్దస్తమానం రాతే. బాలింతలు, టీకాలు, జ్వరాలు, దోమతెరలు. ఆ రిజిస్టర్లలో ఊరందరి సంగతీ ఉంది, నా సంగతి ఒక్క ముక్క లేదు. అందుకే ఎరువుల అంగడివాళ్ళు ఇచ్చిన ఈ డైరీ తీశాను. ఎవరైనా చదువుతారన్న భయం లేదు. మా అత్త నాగులమ్మకు చదువు రాదు. మా ఆయన తిరుపాల్ గొర్రెలు తోలుకొని వీరపునాయునిపల్లె పక్క పొలాల్లో మంద కట్టి ఉన్నాడు, వారానికోసారి ఇంటికి వస్తే గొప్ప. ఇక నాగలత. అది దాని పుస్తకమే తెరవదు, నాది తెరుస్తుందా?

ఆ నాగలతే ఈ రోజు పులివెందుల నుంచి హాస్టల్ సంచీతో సహా వచ్చేసింది. అక్కడ కానిస్టేబుల్ కోచింగ్‌లో చేర్పించి నాలుగు నెలలైంది. రాత పరీక్ష పాసైంది. డిసెంబర్ 2న కడపలో పరుగు. పదహారు వందల మీటర్లు పది నిమిషాల ముప్పై సెకన్లలో తియ్యాలి, ఇది ఎనిమిదిలో తీస్తుంది. ఊరు గండికోట ప్రాజెక్టు నీళ్ళలో మునిగితే లేచొచ్చి ఈ కాలనీలో పడ్డాం. ఈ కాలనీలో మొదటి పోలీసు నా కూతురే కావాలి.

"ఏందిమే, అప్పుడే వచ్చినావు?" అన్నాను.

"గొంతు నొప్పిమా. ఒళ్ళంతా పీకేస్తాండాది."

నోరు తెరిపించి టార్చి వేశాను. గొంతులో రెండు పక్కలా మీగడ అంటినట్టు తెల్లగా ఉంది. మెడకు అటూ ఇటూ గడ్డలు. జ్వరం నూట రెండు. పారాసిటమాల్ ఇచ్చాను. రెండు రోజుల్లో పోతుంది. నేను కోప్పడలేదు. ఇన్నాళ్ళూ లేని జ్వరం ఇప్పుడే రావాలా అని అడిగానంతే.

నవంబర్ 8

పోలేదు.

నవంబర్ 9

మెడికల్ షాపుకు పోయి అమాక్సిసిలిన్ తెచ్చి మొదలుపెట్టాను. "డాక్టరు రాయనిదే యాంటీబయాటిక్ మింగాకండి" అని కాలనీలో గడప గడపకూ చెప్పేది నేనే. నిజమే. కానీ పదేళ్ళుగా జ్వరాలు చూస్తున్నదాన్ని, గొంతు తెల్లబడితే ఏం వెయ్యాలో నాకు తెలియదా? ప్రతి దానికీ జమ్మలమడుగు పరిగెత్తాలా?

నవంబర్ 10

పడుకుంటే లేవదు. నిన్న సాయంత్రం ఆరుకు పడుకున్నది ఈ పొద్దు పదికి లేచింది. లేచి అన్నం ముందు కూర్చుని మళ్ళీ తూగుతుంది. కంటి రెప్పలు ఉబ్బి ఉన్నాయి. ఇంత నిద్ర ఏ జ్వరానికీ చూడలేదు. సెల్‌ఫోన్ చూసి చూసి నిద్ర కాచుకుని ఉంటుంది హాస్టల్లో.

కనీసం నీళ్ళ ట్యాంకు దాకా నడిచి రమ్మని పంపించాను. ట్యాంకు దగ్గర కూర్చుండిపోయింది. ఎదురింటి వసంతమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆమె కూతురు సహస్రకూ అదే రోజు పరుగు ఉంది, ఆ పిల్ల మాత్రం మా ఇంటి ముందే రోజూ రెండు పూటలా పరిగెత్తుతుంది. కావాలనే పరిగెత్తుతుంది.

నవంబర్ 12

పొద్దున నాగలత ఒళ్ళు చూశాను. మెడ నుంచి కాళ్ళ దాకా ఎర్రటి దద్దుర్లు.

వసంతమ్మ గడపలోనే నిలబడి రెండు చేతులూ జోడించింది. "అమ్మవారు పోసిందే శోభా. యాపాకు కట్టు. ఇంట్లో కూర తాలింపు వేయాకు."

నాకు ఒళ్ళు మండింది. తట్టుకు రెండు డోసులూ దగ్గరుండి వేయించాను, తేదీలు నోటికి చెప్తాను. నా ఇంటికే అమ్మవారా? యాపాకు తెచ్చిన చేతికే తిరిగిచ్చి పంపించాను.

ఆమె పోయిందనుకుంటే మా అత్త మొదలుపెట్టింది. నాగలత పక్కన కూర్చుని కడుపు మీద అరచెయ్యి పెట్టింది. ఊపిరి పీల్చమంది, వదలమంది. గొర్రె చూలుతో ఉందా లేదా అని చూస్తుందే, అచ్చం అట్లా.

"శోభా, ఎడం డొక్కలో బల్ల పెరిగిందే దీనికి."

నేను నవ్వాను. ఈ కాలంలో బల్లేమిటి అత్తా అన్నాను.

"నవ్వు నవ్వు. నాకు ఏడేండ్లప్పుడు బల్ల పెరిగితే మా నాయన కొడవలి కాల్చి పెట్టె. ఇదో చూడు." రవిక పైకి జరిపి డొక్క మీద మచ్చ చూపించింది. ముప్పై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఆ మచ్చ నేనెప్పుడూ చూడలేదు. "ఇప్పుడు కాల్చమంటాన్నా? ఆముదం ఉడుకు చేసి గట్టిగా రుద్దితే కరుగుతాది."

నా బిడ్డ కడుపు ఎవరూ రుద్దడానికి వీల్లేదన్నాను. గిన్నె కింద పెట్టమన్నాను. నేను కోప్పడలేదు. గిన్నె దానంతటదే పడింది.

నవంబర్ 13

రక్తం ఇచ్చి వచ్చాం. మలేరియా లేదు, డెంగీ లేదు, టైఫాయిడ్ లేదు. ఏమీ లేదంటే ఏమీ లేనట్టే కదా. రేపటి నుంచి మెల్లగా పరుగు.

నవంబర్ 14

కాలనీ చుట్టూ ఒక్క చుట్టు. ఒక్కటే. సగంలోనే ఎడమ పక్క పట్టుకుని వంగిపోయింది.

"పొడుస్తాండాదిమా."

"పరిగెత్తితే అందరికీ పొడుస్తాది. ఇన్ని రోజులు మానేస్తే పొడవదా మరి?" అన్నాను.

సాయంత్రం కళ్ళు చూశాను. తెల్లగుడ్డు కొంచెం పచ్చగా ఉంది. లైటు వెలుగుకేమో అనుకుని బయటికి తీసుకొచ్చి చూశాను. పచ్చగానే ఉంది. రేపు ప్రొద్దుటూరు పోతాం.

నవంబర్ 15

ప్రొద్దుటూరులో డాక్టర్ మైమూన్. మాట కటువు, చెయ్యి మెత్తన. దద్దుర్లు చూడగానే నాగలతను కాదు, నన్ను చూసింది.

"అమాక్సిసిలిన్ ఎవరిచ్చారు?"

మెడికల్ షాపువాళ్ళు అన్నాను. అమ్మింది వాళ్ళే కదా, అబద్ధమేముంది?

"నేననుకుంటున్న వైరస్సే అయితే, ఆ బిళ్ళ పడితే చాలామందికి ఒళ్ళంతా ఇట్లా దద్దుర్లు లేస్తాయి. గొంతు తెల్లగా కనబడగానే దంచేస్తారు. మీరేం చేస్తారమ్మా?"

వ్యవసాయం అన్నాను.

రక్తం మళ్ళీ తీశారు, కడుపు స్కాన్ తీశారు. మధ్యాహ్నానికి కాగితాలు వచ్చాయి. ఇన్‌ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అట. మోనో అంటారట చిన్నగా. పదేళ్ళలో ఒక్క ట్రైనింగులో ఈ పేరు నాకు చెప్పినవాళ్ళు లేరు. దోమల గురించి పన్నెండుసార్లు చెప్పారు.

డాక్టరమ్మ చెప్పింది మరిచిపోకముందే రాసుకుంటాను. ఈ వైరస్ తెల్లకణాల్లోనే కాపురం పెడుతుంది. దాన్ని తరమడానికి ఒళ్ళు ఇంకా తెల్లకణాలను పుట్టిస్తుంది. అవన్నీ మెడ గడ్డల్లో, గొంతులో, ప్లీహంలో గుంపు కడతాయి. అందుకే అవన్నీ ఉబ్బుతాయి. కాలేయం కూడా కొంచెం దెబ్బ తింటుంది, అందుకే కళ్ళు పచ్చబడ్డాయి. ఉన్న శక్తంతా ఆ యుద్ధానికే పోతుంది కాబట్టి మనిషి లేవలేదు. "అది బద్ధకం కాదు" అంది. నాగలత తల తిప్పి నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను.

మందు ఏమిటంటే లేదు. నీళ్ళు, విశ్రాంతి, జ్వరానికి పారాసిటమాల్. మందు లేని జబ్బు ఏం జబ్బు!

చివరికి ప్లీహం, మా అత్త బల్ల అన్నది దాన్నే. మామూలుగా పక్కటెముకల కింద దాగి ఉంటుంది, చేతికి తగలదు. దీనికి మూడు వేళ్ళు కిందికి దిగింది. పదహారు సెంటీమీటర్లు. ఉబ్బిన కొద్దీ పైపొర పలచనవుతుంది. దెబ్బ తగిలినా, పడినా, పరిగెత్తినా, గట్టిగా నొక్కినా చిట్లవచ్చు. చిట్లితే రక్తం లోపలే పారుతుంది, పెద్దాసుపత్రికి చేరేలోపు మనిషి దక్కకపోవచ్చు.

రుద్దుడు ఆపింది నేనే. ఆ మాట మా అత్తకు చెప్పాలి. బల్ల ఉందన్నది ఆమే. ఆ మాట చెప్పనవసరం లేదు.

"మరి పరుగు మేడమ్? డిసెంబర్ రెండున..."

"స్కాన్‌లో తగ్గిందని చూసేదాకా లేదు. ఆరు వారాలు. ఎనిమిది కావచ్చు."

"డిసెంబర్ రెండున ఈవెంటు మేడమ్."

"డిసెంబర్ రెండు వచ్చే ఏడాది కూడా వస్తుందమ్మా."

వస్తుంది. నోటిఫికేషన్ రావద్దూ? చల్లగా గదిలో కూర్చుని చెప్పడానికి ఏం పోయింది?

నవంబర్ 16

ఆ పేరు ఫోన్‌లో కొట్టాను. ఎందుకు కొట్టానో!

మొదటి వీడియోనే, ఒక అమ్మాయీ అబ్బాయీ మొహాలు దగ్గరగా పెట్టిన బొమ్మ. మీద ఎర్ర అక్షరాలు. ముద్దుల జబ్బు. ముద్దుతో అంటుకునే జబ్బట. నా పాసుగూల! ఫోన్ బోర్లా పెట్టేశాను. మళ్ళీ తీశాను. అన్ని వీడియోలూ అదే మాట.

నాగలతను అడిగాను. ఎవడు? ఎవరూ లేరంది. మళ్ళీ అడిగాను. ఉమ్మి మింగితేనే గొంతు కోసుకుపోతున్న పిల్ల, ఏడిస్తే ఇంకా నొప్పి. ఏడ్చింది. "యాడ తిరిగినానుమా నేను? గ్రౌండు, హాస్టల్. గ్రౌండు, హాస్టల్." నేను కోప్పడలేదు. పదకొండుసార్లు అడిగాను, అంతే.

డాక్టరమ్మ నాకెందుకు చెప్పలేదు? సిగ్గుపడి ఉంటుంది. నా కూతురి కోసం ఎవరో సిగ్గుపడే రోజు వచ్చింది.

ఈ పేరు కాలనీలో ఎవరికీ తెలియకూడదు. వసంతమ్మకు పచ్చకామెర్లని చెప్పాను.

నవంబర్ 17

అనుమానం ఒక్కడి మీదే. మహేంద్ర. మా అన్న ఆదినారాయణ కొడుకు. నాగలతకు వరసైన బావ. అదే కోచింగ్. పండక్కి వచ్చినప్పుడు దీని సంచి వాడే మోశాడు. ఎందుకు మోశాడు?

పొద్దున్నే ముద్దనూరు మీదుగా పులివెందుల పోయాను. గ్రౌండులో నలభై మంది వరసగా నిలబడి ఉన్నారు. నేరుగా పోయి మహేంద్ర చొక్కా పట్టుకున్నాను. ఏం చేశావురా నా బిడ్డను అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. అవి రాయను.

వాడు గింజుకోలేదు. "అత్తా, చొక్కా వదులు. రెండు నెల్ల నుంచి నాకూ నాగలతకూ మాటలే ల్యావు. నా కంటే దాని టైమింగ్ బాగుండాదని సార్ అందరి ముందర అనె. అప్పట్నుంచి దాని మొకం నేను చూళ్ళ్యా."

"అబద్ధాలు చెప్పాకు. అది ముద్దుతో వచ్చే జబ్బు."

అందరూ విన్నారు. నేనే వినిపించాను.

వాడికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. "ముద్దులు పెట్టుకునే మొకాలా అత్తా మావి? పొద్దున నాలుక్కు లేచి పరిగెత్తి పరిగెత్తి కక్కుకునేటోళ్ళం. ఆడ చూడు." చెట్టు కింద నీళ్ళ డ్రమ్ము చూపించాడు. మూతకు గొలుసుతో కట్టిన ఒక స్టీలు గ్లాసు. "నలభై మందికీ అదొకటే గ్లాసు. అందరం నోటికి కరిపించుకోనే తాగుతాం. పట్టుకుంటే పో, ఆ గ్లాసు కాలర్ పట్టుకో."

బస్సులో కూర్చునేసరికి మా అన్న ఫోన్. "ఏమ్మే, నా కొడుకును నలుగుర్లో నిలబెడతావా? నీ బిడ్డకు జ్వరమొస్తే నా కొడుకు దొంగా?" పెట్టేశాడు.

తప్పు లేనివాడు అంత నిమ్మళంగా ఎందుకు మాట్లాడతాడు? తప్పు ఉన్నవాడైనా అంతే మాట్లాడతాడు. నాకు తల పని చెయ్యడం లేదు.

నవంబర్ 19

మహేంద్రకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మంచిదే.

నవంబర్ 22

మళ్ళీ ప్రొద్దుటూరు. నాగలతను బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, డాక్టరమ్మను అడిగేశాను. ఆ పేరు నిజమేనా?

ఆమెకు నా కంటే ఎక్కువ కోపం వచ్చింది. "ఆ పేరు పెట్టినవాడు దొరికితే నేను నాలుగు తగిలిస్తాను. ఉమ్మితో వస్తుందమ్మా. గ్లాసు, సీసా, స్పూను. ముద్దు కూడా. అంటుకున్నాక బయటపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఎవరి నుంచి అని దేవుడు కూడా చెప్పలేడు. ఈ పేరు వినీ వినీ తల్లులు నా దగ్గర అబ్బాయి పేరు అడుగుతారు. నేను డాక్టర్నా, సోదెమ్మనా?"

గ్లాసు సంగతి చెప్పాను. చాలు అంది.

"అంతెందుకు, మీ ఉమ్మిలో ఉండొచ్చు, నా ఉమ్మిలో ఉండొచ్చు. పెద్దవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి ఎప్పుడో వచ్చి ఉంటుంది. వచ్చాక ఒంట్లోనే నిద్రపోతుంది. చిన్నప్పుడు వస్తే మామూలు జలుబులా వచ్చి పోతుంది, ఎవరికీ తెలియదు. పదిహేనేళ్ళు దాటాక మొదటిసారి వస్తేనే ఇట్లా పడేస్తుంది. ఈ పిల్లను చిన్నప్పుడు శానా శుభ్రంగా పెంచినట్టున్నారే!"

మెచ్చుకుంటున్నట్టే అంది.

శుభ్రంగానే పెంచాను. దాని గ్లాసు మీద మేకుతో పేరు గీకించాను. వేరే కంచం, వేరే స్పూను. మా అత్త సంగటి ముద్ద కొరికి మెత్తగా నమిలి నోట్లో పెట్టబోతే పిల్లను లాక్కున్నాను. ఎంగిలి వద్దు, ఎంగిలి వద్దు, పందొమ్మిదేళ్ళు ఇదే పాట. కాలనీ అంతటికీ ఇదే పాట.

"అది తప్పేం కాదు" అంది డాక్టరమ్మ, నా మొహం చూసి. "తప్పెవరిదని వెతకడం మానెయ్యండి. ఆ పొట్ట జాగ్రత్త."

అప్పుడు నేను ఆశా కార్యకర్తనని చెప్పాను. తెలుసు అంది. నాగలత మొదటి రోజే చెప్పిందట.

నవంబర్ 23

ఆ గ్లాసు సంగతి అత్తకు చెప్పొద్దని నాగలతతో అన్నాను. చెప్పింది.

"పంతొమ్మిదేండ్లు!" అని మా అత్త వాకిట్లో నిలబడి కాలనీకంతా వినబడేలా అరిచింది. "నా చేతి ముద్ద దాని నోట్లో పెట్టనిస్తివా? నేను తిన్న గిన్నె అది ముట్టుకుంటే ఉడుకు నీళ్ళతో కడిగిస్తివి. అవ్వ ఎంగిలి ఎంగిలాయె. ఇప్పుడు ముక్కూ మొకం తెలీని నలభై మంది ఎంగిలి తాగొచ్చె నీ బిడ్డ!"

ఆమెకు చెప్పాల్సింది ఇక్కడ రాసుకుంటాను. పాత ఊర్లో అతిసారంతో పోయిన పసిపిల్లల పేర్లు ఇప్పుడడిగినా చెప్తాను. మా వీధిలోనే ముగ్గురు. నా బిడ్డ ఆ వరసలో లేదు. లేకుండా చేసింది ఆ గ్లాసూ, ఆ కంచమూ, నేనూ. నేను చేసింది తప్పు కాదు. ఎవరైనా వచ్చి తప్పని నా మొహం మీద చెప్పమనండి.

ఎవరూ రాలేదు. మా అత్త కూడా అరిచి పడుకుంది.

నవంబర్ 25

తిరుపాల్ వచ్చాడు. అంతా చెప్పాను. చెప్పిందానికంతా తల ఊపి, నాగలత దగ్గర కూర్చున్నాడు.

"బల్ల యాడుంటాదో నాకు తెల్దా పాపా? గొర్రెను కోస్తే అరచెయ్యంత ఉంటాది, ఎర్రగా, మెత్తగా. మూడేండ్ల కింద మన నల్లపొట్టేలు ఒక గొర్రెను ఎడం డొక్కలో గుద్దె. గొర్రె కింద పడ్ల్యా, అరవల్యా. మేస్తాండె. మేస్తా మేస్తా పక్కకు ఒరిగె. కోసి చూస్తే కడుపు నిండా నెత్తురు. ఆ అరచెయ్యంతది పగిలిపోయింది."

డాక్టరమ్మ అరగంట చెప్పింది దీనికి ఎక్కలేదు. ఇది మాత్రం విని డొక్క మీద చెయ్యి పెట్టుకుంది.

"నౌకరీ యాడికీ పోదులే" అని మళ్ళీ గొర్రెల దగ్గరికి పోయాడు. నౌకరీలు ఎక్కడికి పోతాయో, ఎట్లా పోతాయో గొర్రెలు కాసేవాడికేం తెలుసు?

నవంబర్ 27

హాల్ టికెట్ మీద ఉన్న నంబరుకు తొమ్మిదిసార్లు చేశాను. పదోసారి ఎత్తారు. గర్భిణులకైతే వేరే తేదీ ఇస్తారట. జ్వరాలకు ఇవ్వరట. ఇది జ్వరం కాదు, ప్లీహం అన్నాను. అది మా లిస్టులో లేదు అన్నాడు. లిస్టులో లేకపోతే కడుపులో లేకుండా పోతుందా?

నవంబర్ 29

జ్వరం లేదు. మూడు రోజులైంది. మెడ గడ్డలు తగ్గాయి. కళ్ళు తెల్లబడ్డాయి. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి అడిగి మరీ వేయించుకుంది. మొహంలో కళ వచ్చింది.

"నాకు బాగుందిమా" అంది.

బాగుంది. నా కళ్ళకూ కనబడుతుంది. డాక్టర్లు ఆరు వారాలంటే మూడు వారాలని అర్థం. భయపెడితేనే జనం వింటారని కొంచెం ఎక్కువ చెప్తారు. బాలింతలకు నేను చెప్పేదీ అట్లాగే.

డిసెంబర్ 1

బాగా ఆలోచించాను. పోకపోతే గైర్హాజరు పడుతుంది. పోయి హాజరు వేయించుకుని, కాగితాలు చూపించి, పెద్ద సారును బతిమాలుకుని వచ్చేస్తాం. ఎదురుగా మనిషిని చూస్తే ఎవరైనా కరుగుతారు. పరిగెత్తేది లేదు. నాగలత నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

అత్తకు రక్తపరీక్షకని చెప్పాను. సంచి సర్దాను.

డిసెంబర్ 2

ఈ రోజు రాయలేను.

డిసెంబర్ 4

రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

ఏడు గంటల బ్యాచ్. గేటు బయట ఆడపిల్లలు వరసగా, వెనక తల్లులు. వసంతమ్మ కూడా సహస్రను తీసుకొచ్చింది. నన్ను చూసి "పచ్చకామెర్లు తగ్గినాయా?" అంది. తగ్గాయన్నాను.

నాగలత వంతు వచ్చింది. గేటు దగ్గర నా చెవిలో అంది. "మా, నేను పరిగెత్తుతా. ఎనిమిది నిమిషాలు. ఎనిమిది నిమిషాల్లో ఏమైతాది?" నేను నోరు తెరిచేలోపు సంచీతో లోపలికి పోయింది.

నేను అడ్డం పడాల్సింది. పడలేదు. ఒక్క క్షణం, పోనీ, అనుకున్నాను. దాచుకోను. ఎనిమిది నిమిషాలే కదా అనుకున్నాను. ఖాకీ బట్టల్లో దాన్ని చూశాను. అప్పుడు గేటు కమ్మీల్లోంచి కనబడింది, అది కూర్చుని షూ వేసుకుంటుంది. ఆ షూ సంచిలో పెట్టింది నేను. తెల్లగా ఉతికి, ఆరబెట్టి, ముందు రోజు నా చేతులతో పెట్టాను. హాజరు వేయించుకోవడానికి షూ ఎందుకు? నాకు నేనే ఎన్ని కథలు చెప్పుకున్నాను! మేస్తా మేస్తా ఒరిగిన గొర్రె కళ్ళ ముందుకొచ్చింది.

గేటు దగ్గర ఆడ కానిస్టేబుల్ చెయ్యి పట్టుకున్నాను. "మేడమ్, నా బిడ్డను బయటికి పంపీండి. అది పరిగెత్తకూడదు."

"ఏమైంది?"

"మోనోన్యూక్లియోసిస్ మేడమ్."

"అదేంది? కడుపుతో ఉండాదా?"

"లేదు."

"ఇప్పుడు జ్వరముందా?"

"లేదు. కడుపులో ప్లీహం..."

"పక్కకు జరుగమ్మా. నిన్న ఒకామె ఇట్లనే వచ్చి బిడ్డను ఆపమనె. అల్లునికి పోలీసుద్యోగం ఇష్టం లేదంట. మీకు పని ల్యాకపోతే మాకు ల్యాదా?"

కాగితాలన్నీ లోపలికి పోయిన సంచిలో ఉన్నాయి. మైకులో నంబర్లు పిలుస్తున్నారు. నాగలత లేచి నిలబడింది. గీత దగ్గరికి పోతుంది.

రెండు చేతులతో కమ్మీలు పట్టుకుని అరిచాను. వ్యాక్సిన్ రోజున కాలనీ అంతా వినిపించే గొంతు నాది. "ఆపండి! నా బిడ్డకు ముద్దుల జబ్బు! పేరు అదే, ముద్దుల జబ్బు! ఎవరి ముద్దో ఏ ఎంగిలో నాకు తెల్దు, నాకు పని ల్యా! ఎడం డొక్కలో బల్ల పదహారు సెంటీమీటర్లు పెరిగింది. పరిగెత్తితే పగులుతాది. పగిలితే ఈడే సస్తాది! సార్, నీ కాళ్ళు పట్టుకుంటా, ఆపండి!"

ఎవరో పకపకా నవ్వారు. వసంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వరసలో ఉన్న పిల్లలంతా తిరిగి నాగలతను చూశారు. అది ఎక్కడికి తిరగాలో తెలియక అట్లాగే నిలబడింది.

ఒక పెద్ద సారు వచ్చాడు. క్యాంపు డాక్టరు వచ్చాడు. గుడారంలో దాన్ని పడుకోబెట్టి రెండు వేళ్ళతో మెల్లగా చూశాడట. సంచిలోని కాగితాలు చూశాడట. ఛాతీ మీద నంబరు తీయించి బయటికి పంపారు. వేరే తేదీ ఇస్తారా అంటే పెద్ద సారు తల అడ్డంగా ఊపాడు. "మంచి పని చేసినావమ్మా" అని మాత్రం అన్నాడు. మంచి పనికి మార్కులుంటాయా సార్ అని అడగాలనిపించింది.

నాగలత షూ విప్పి నా కాళ్ళ ముందు పెట్టింది. "నువ్వే తీసుకొస్తివి. నువ్వే గుంజితివి. అందరి ముందర ఆ పేరు పెట్టి గుంజితివి." అంతే. సాక్సులతోనే బస్టాండు దాకా నడిచింది.

డిసెంబర్ 5

సహస్ర పాసైంది. వసంతమ్మ లడ్డూలు పంచింది. మా ఇంటికి కూడా తెచ్చింది. తిన్నాను. తియ్యగానే ఉంది.

డిసెంబర్ 7

కాలనీలో పిల్లలు ఆ పేరు పాటలా పాడుతున్నారు. ఒక్కో ఇంటికీ పోయాను, టీకాల రిజిస్టర్ చంకలో పెట్టుకుని. ఉమ్మితో వస్తుంది, ముద్దుతో ఒక్కటే కాదు, గ్లాసుతో వస్తుంది, మీ అందరి ఒంట్లోనూ ఉంది, నా ఒంట్లోనూ ఉంది అని చెప్పాను. నాకు రాలేదే అని ఒకడు పళ్ళికిలించాడు. వచ్చి పోయుంటుంది నాయనా, మీ అమ్మనడుగు, నీ చిన్నప్పటి జలుబులన్నీ నా రిజిస్టర్‌లో ఉన్నాయన్నాను. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి.

డిసెంబర్ 9

నాగలత నాతో మాట్లాడదు. నేను పెడితే తినదు. వాళ్ళవ్వ సంగటి ముద్ద కలిపి నోట్లో పెడుతుంది, అదీ నోరు తెరుస్తుంది. నేను చూడలేదు. వంటింట్లో ఉన్నాను.

డిసెంబర్ 13

మహేంద్ర ఫోన్ ఎత్తాడు. తప్పు నాదే అబ్బీ అన్నాను. "నాగలత నడుస్తాందా అత్తా?" అన్నాడు. నడుస్తుందన్నాను. "గ్రౌండులో గొలుసు తెంపేసినాం. ఎవరి బాటిల్ వాళ్ళు తెచ్చుకుంటాండాం" అన్నాడు. మా అన్న ఇంకా ఎత్తడం లేదు.

డిసెంబర్ 17

పగలు నిద్ర తగ్గింది. మెట్లెక్కితే ఇంకా ఆయాసం. ఇట్లా నెలల తరబడి ఉండొచ్చట కొందరికి.

డిసెంబర్ 21

ప్రొద్దుటూరు. పన్నెండున్నర సెంటీమీటర్లు. దాదాపు మామూలే అంది డాక్టరమ్మ. ఇంకో రెండు వారాలు ఆగి మెల్లగా నడక, తర్వాత పరుగు. "రెండో తేదీన పరిగెత్తి ఉంటే?" అని అడిగాను. "ఏమీ కాకపోయి ఉండొచ్చు" అంది. కాగితాలు నా చేతికిస్తూ, "అయ్యుండొచ్చు" అంది.

ఏమీ కాకపోయి ఉండొచ్చట! ఈ మాట నాకు చెప్పకపోతే ఏం? జీవితాంతం ఇది మోసుకు తిరగాలి నేను. నాగలత బయట బెంచీ మీద ఉంది. విన్నదో లేదో తెలియదు.

డిసెంబర్ 22

పొద్దున బట్టలు ఉతుకుతుంటే వెనక వచ్చి నిలబడింది. నేను తిరగలేదు. తిరిగితే పోతుందేమోనని.

"మా."

ఇరవై రోజులకు.

"మల్లా నోటిఫికేషన్ ఎప్పుడొస్తాదో?"

"తెల్దు. కనుక్కుంటా."

"కనుక్కో. ఆ పొద్దు మాత్రం గేటు కాడికి నువ్వు రావాకు."

రానులే అన్నాను.